బొచ్చీగ

ఆగస్టు చివర్లో చలికాలం వెనకబట్టి కొండల మీద మంచు కరగడం మొదలైతే పెద్ద సరస్సు తన గట్టు దాటుకుని గడ్డి మీదికి వచ్చేస్తుంది. చిన్న కంగారూల్లాంటి వాలబీలు మేసి మేసి కురచ చేసిన గడ్డంతా మోకాటి లోతు నీళ్ళ కిందికి పోతుంది. చలికి బురదలో ముడుచుకున్న కప్పలు లేచి గొంతు విప్పుతాయి. ఆ అరుపు వినపడితే చాలు, లోతుల్లో ఉన్న ట్రౌట్ చేపలు ఒడ్డు పట్టుకుని వచ్చేస్తాయి. వీపు కూడా సరిగ్గా మునగని నీళ్ళలో, గడ్డి దుబ్బుల మధ్య ముక్కు కిందికి పెట్టి కప్పల్ని వెతుకుతుంటే వాటి తోకలు పైకి తేలి మెల్లగా ఊగుతుంటాయి. టాస్మానియా దీవిలో గాలం పట్టిన ప్రతి మనిషికీ ఆ తోకంటే పిచ్చి.

నోలా ట్రిఫిట్‌కి ఆ పిచ్చి ఆలస్యంగా పట్టింది. కొండ మీద కాలువ తవ్వినన్నాళ్ళూ ఆమె కూలీల క్యాంపులో వంటమనిషి. గంగాళాల్లో గొర్రెమాంసం ఉడకబెట్టి, తెల్లవారకముందే రొట్టెలు కాల్చి, వందమంది మొగాళ్ళ వెక్కిరింతలకు గరిటెతోనే జవాబు చెప్పిన మనిషి. పని ముగిసింది. రేకుల గదులు లారీలెక్కాయి, మనుషులూ లారీలెక్కారు. నోలా ఎక్కలేదు. "కింద నాకెవరున్నారు గనక" అంది అడిగినవాళ్ళతో. పైన మాత్రం ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

సరస్సు ఒడ్డున ఓ చెక్క ఇల్లు చవగ్గా దొరికింది. ఆ సరస్సు నీళ్ళతో పుట్టిన కరెంటుతో దీవంతా వెలుగుతుంది గానీ నోలా ఇంటిదాకా తీగ రాలేదు. కిరోసిన్ దీపం, కట్టెల పొయ్యి. శని ఆదివారాల్లో పట్నం నుంచి చేపల సరదాగాళ్ళు వచ్చి చుట్టుపక్కల గుడిసెల తాళాలు తీసేవాళ్ళు. సోమవారం నుంచి మళ్ళీ గాలి చప్పుడే.

వారం పొడుగునా అక్కడ ఉండే మనిషి ఆమె కాక ఇంకొక్కడే. సరస్సు అక్కడ వంపు తిరిగి లోపలికి వస్తుంది. ఆ వంపుకి అవతలి ఒడ్డున ఆల్బీ జాగో ఉండేవాడు. చెట్లెక్కే పిల్లంత పాసమ్‌లకీ, వాలబీలకీ ఉచ్చులు పెట్టి తోళ్ళమ్ముకుని బతికినవాడు. ఉచ్చులు పెట్టకూడదని ప్రభుత్వం చట్టం చేశాక ఆ బతుకూ పోయింది. అతనూ కిందికి దిగలేదు.

పొద్దున లేస్తూనే నోలా చేసే మొదటి పని కిటికీ దగ్గరికెళ్ళి అవతలి ఒడ్డున పొగ చూడడం. పొగ లేచిందంటే ఆల్బీ బతికే ఉన్నాడు. అతనూ ఇటు అలాగే చూస్తాడని ఆమెకి తెలుసు. ఎలా తెలుసంటే, ఒకసారి ఆమె జ్వరంతో పడి మధ్యాహ్నం దాకా పొయ్యి రాజేయలేదు. పడవేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బతికే ఉన్నావా?"

"ఉన్నట్టే ఉంది."

"మరి పొయ్యి వెలిగించడానికేం రోగం? నీ ఇంటికేసి చూస్తూ కూచుంటే నా టీ చల్లారిపోయింది."

పొయ్యి రాజేసి, ఉల్లిపాయల సూపు కాచి మంచం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

గాలానికి దొంగ ఎరగా బొచ్చీగ కట్టడం నేర్పిందీ అతనే. ఒకనాడు రోడ్డు మీద కారు గుద్దిన వాలబీ తోలు ఎండబెట్టి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఇదిగో కోటు."

"ఈ ముక్కతో చేతి తొడుగు కూడా రాదు."

"కోటు నీకని ఎవరన్నారు? గాలానికి."

ఈగ అంటారు గానీ దానికీ ఈగకీ పోలికే లేదు. నీళ్ళలో అది కప్పో, పురుగో, చిన్న చేపో, ట్రౌట్ ఏదనుకుంటే అది. గాలాన్ని బల్లకి బిగించిన చిన్న పట్టుకారులో పెట్టి నల్లదారం చుట్టాలి. వాలబీ వీపు తోలు నుంచి అగ్గిపుల్లంత వెడల్పు పట్టీ కోసి, బొచ్చు వెనక్కి వాలేలా మెడ దగ్గర ఒకచోట, తోక దగ్గర ఒకచోట కట్టాలి. కడుపు దగ్గరి మెత్తని నూగు చిటికెడు గిల్లి, దారానికి పులిమి మెడ చుట్టూ తిప్పాలి. "తోలు వెనకవైపు నుంచి బ్లేడుతో కొయ్యి. బొచ్చు కొసలకి కత్తెర తగిలిందో, అది బ్రష్షు. ఈగ కాదు" అనేవాడు ఆల్బీ. పొడిగా ఉంటే చచ్చిన చుంచులా ఉంటుంది. నీళ్ళలో పడితే మాత్రం వెంట్రుక వెంట్రుకా విడిపోయి, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కదులుతుంది. మొదటిసారి ఆ కదలిక చూసినప్పుడు, గరిటె తప్ప ఇంకేదీ పట్టని తన చేతులు ఇంత పని చేశాయా అని నోలా నమ్మలేకపోయింది.

సెప్టెంబరులో ఒక గురువారం ఆమె కొత్తగా కట్టిన ఈగతో తన ఒడ్డునే నీళ్ళలోకి దిగింది. గాలి లేదు. ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. నీళ్ళలో సగం మునిగిన మోడు చెట్టు పక్కన తోక కనిపించింది. చేటంత తోక.

తోక కనిపించాక మనిషి మోడయిపోవాలి. అడుగు తీసి అడుగు వేస్తే అల లేస్తుంది, అల లేస్తే చేప ఉండదు. పక్కన తోడున్నా నోరెత్తకూడదు, దూరం నుంచి పిలవకూడదు. కొండ మీద పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది. నోలా తొడల దాకా ఉన్న చల్లటి నీళ్ళలో అలాగే నిలబడింది. చేప దుబ్బుల మధ్య తిరిగి తిరిగి దూరం పోయింది, మళ్ళీ ఇటే వచ్చింది. అది వచ్చే దారికి ముందు గజం దూరంలో ఈగని వేసి మునగనిచ్చింది. ఊపిరి బిగబట్టి వేలి కొసతో దారాన్ని ఒక్కసారి, రవ్వంత లాగింది. తోక ఆగింది. ఎక్కడో దూరంగా కారు హారన్ మోగింది. పట్నపుగాళ్ళు అప్పుడే వచ్చేశారా అని ఆమె తిట్టుకుంది. చేప మాత్రం బెదరలేదు. నీళ్ళు ఉబ్బి దాని వీపు ఇటు తిరిగింది, దారం బిగిసింది.

దాన్ని గడ్డి మీదికి లాగింది. ఒళ్ళంతా నల్లచుక్కలు, పొట్ట వెన్నరంగు. అంత చేప ఆ ఏడు ఇంకా ఎవరికీ పడలేదు. రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఆమె చుట్టూ చూసింది. అవతలి ఒడ్డు, పొద్దున పొగ లేచిన చోటు, మసకగా కనిపించింది. ఇంత దూరానికి అతనికేం కనిపిస్తుందిలే అనుకుని దించేసింది.

సాయంత్రం దాన్ని చీల్చి ఉప్పు పట్టించి, చెక్కపొట్టు పొగలో పెట్టింది. సగం ఆల్బీకి. తెల్లారి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి, ఎక్కడ పట్టానో నువ్వే చెప్పు అనాలనుకుంది.

తెల్లారి పొగ లేదు.

టీ పెట్టుకుంది, తాగింది, మళ్ళీ చూసింది. లేదు. కట్టెలు తడిశాయేమో అనుకుంది. ఆల్బీ కట్టెలు తడవనిచ్చే మనిషి కాదని తనకే తెలుసు. ఇక కాలు నిలవలేదు. చేప సగాన్ని గుడ్డలో చుట్టి పడవలో పెట్టుకుని తెడ్డు వేసింది. దారిలో ఏం చూడాల్సి వస్తుందోనని మనసు రాయి చేసుకుంటూనే ఉంది. మంచం మీదా, పొయ్యి దగ్గరా, వెనక దొడ్లోనా?

తలుపుకి తాళం ఉంది.

కిటికీకి చేతులు అడ్డంపెట్టి లోపలికి చూసింది. మంచం మీద పరుపు చుట్టి తాడుతో కట్టేసి ఉంది. పొయ్యిలో బూడిద తీసేసి, చీపురుతో ఊడ్చి మరీ శుభ్రం చేశాడు. పిట్టలు గూడు పెట్టకుండా పొగగొట్టం మీద రేకు కప్పి పైన రాయి పెట్టాడు. చచ్చిపోయిన మనిషి ఇల్లు కాదది. కుదురుగా ఆలోచించుకుని, అన్నీ సర్దుకుని వెళ్ళిపోయిన మనిషి ఇల్లు.

నోలాకి ముందు ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. చేప మూటని గుమ్మంలోనే వదిలేసి వచ్చేసింది.

రోడ్డు మలుపులో కొట్టు ఉంది. పిండి, పెట్రోలు, ఉత్తరాలు, టెలిఫోను, అన్నీ అక్కడే. కొట్టు నడిపే రీటాకి నోలా వయసే, నోరు మాత్రం రెండింతలు.

"ఆల్బీ ఎటెళ్ళాడు?" అంది నోలా, ఉప్పు ధర అడిగినట్టు.

రీటా తూకం ఆపింది. "అదేంటి, నీకు తెలీదా? గుండె బాలేదంట. డాక్టరు ఇంక కొండ మీద ఉండొద్దన్నాడు. నిన్న వాళ్ళ చెల్లెలు ఐవీ కొడుకు బండి తెచ్చి హోబార్ట్ పట్నం తీసుకుపోయాడు. నెల్రోజుల్నుంచి చెప్తూనే ఉన్నాడుగా. పోస్టు బండివాడికి తెలుసు, రోడ్డు పనివాళ్ళకి తెలుసు..." అంటూనే రీటా ఆమె మొహం చూసింది. "నీకే ముందు చెప్పుంటాడనుకున్నా" అంది గొంతు తగ్గించి.

"చెప్పాడేమోలే. నేనే మర్చిపోయుంటా."

"ఫోన్ నంబరుంది. కలపనా?"

"నాకేం పని అతనితో?"

ఉప్పు తీసుకుని వచ్చేసింది. రీటా వెనక నుంచి ఏదో అంటున్నా వినిపించుకోలేదు. ఇంటికొచ్చి గుమ్మంలో కూచుంటే అప్పుడు తగిలింది దెబ్బ. ఇన్నేళ్ళూ తను పొగ చూసుకుని ఒక లెక్కలో బతికింది. ఆ లెక్కలో తను తప్ప రెండో మనిషి లేడేమో. రోడ్డు పనివాళ్ళకి చెప్పిన మనిషికి, ఎదురుగా ఉన్న తను గుర్తే రాలేదన్నమాట.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె పొద్దున కిటికీ దగ్గరికి పోవడం మానేద్దామనుకుంది. అయినా కాళ్ళు అటే పోయేవి. దాంతో కిటికీకి గోనెగుడ్డ కట్టింది. ఇల్లు చీకటైంది. చీకట్లో ఈగలు కట్టలేక రెండోనాడు దాన్నీ పీకేసింది.

ఒకనాడు కసికొద్దీ పడవేసుకుని ఆల్బీ ఒడ్డుకే వెళ్ళింది. అటు ఆమె ఎన్నడూ గాలం వేయలేదు. ఎవరూ గీత గీయకపోయినా ఎవరి ఒడ్డు వారిదే. అక్కడి నీళ్ళు మంచివి. మధ్యాహ్నంలోపే మూడు తోకలు కనిపించాయి. ఒకదానికి ఈగ వేసింది, పడింది. ఒడ్డుకి లాగి, దవడ నుంచి గాలం తీసి, చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసి నీళ్ళలోకి వదిలేసింది. తను పట్టిందని ఎవరికీ తెలీదు. వదిలేసిందనీ ఎవరికీ తెలీదు. క్యాంపు రోజుల్లో ఆమెకి ఒంటరిగా ఉండే క్షణం దొరికేది కాదు, దాని కోసం మొహం వాచి ఉండేది. ఇప్పుడు దొరికింది ఆ ఒంటరితనం కాదు. ఇది వేరే సరుకు.

ఆల్బీ గుమ్మంలో తను వదిలిన మూట లేదు. కాకులు లాక్కుపోయిన గుడ్డ పీలికలు కంచెకి వేలాడుతున్నాయి.

ఆ శనివారం కొట్టుకి వెళ్ళి, "ఆ నంబరేదో కలుపు" అంది.

రీటా నంబరు తిప్పి, ఐవీతో మాట్లాడి, రిసీవరు ఆమె చేతికిచ్చి వెనక గదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం వేసుకోలేదు.

"ఎవరూ?" అంది ఆల్బీ గొంతు. పెద్దగా అరుస్తున్నాడు. ఫోనంటే అరవాలనుకునే మనిషి.

"నేను. నోలాని."

ఫోనులో గరగర, దాని మీదుగా అతని అరుపు.

"నీళ్ళెక్కడిదాకా వచ్చాయి?"

"కంచె రెండో తీగ దాకా."

"అయితే మంచి ఏడే."

"చెప్పకుండా వెళ్ళావు ఆల్బీ."

"పొగ లేకపోతే నీకే తెలుస్తుందిగా అనుకున్నా."

"పొగ లేకపోతే చచ్చిపోయాడనుకుంటారు. చెల్లెలింటికి పోయాడనుకోరు."

అతను దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. వెనక ఐవీ ఏదో అంటోంది, అతను విసుక్కుంటున్నాడు. నోలా రిసీవరు తీగని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నెల్లాళ్ళు చెప్దామనే చూశా" అన్నాడు చివరికి. అరవడం మానేశాడు. "వాళ్ళకి చెప్పడం తేలిక. పోతున్నానంటే మంచిదే అంటారు. నీతో ఎలా చెప్పాలో తెలీలా. అందుకని ఆఖరి రోజుకి పెట్టుకున్నా. వచ్చాను కూడా."

"ఎక్కడికి వచ్చావు?"

"నీ దగ్గరికే. ఆ పొద్దున. మావాడు బండి స్టార్ట్ చేసి ఉంచాడు. కాసేపు ఆగరా అని గట్టు చుట్టూ నడిచొచ్చా. నువ్వేమో మోడు చెట్టు దగ్గర నీళ్ళలో ఉన్నావు. నీ ముందు తోక. అబ్బో, అంత తోక ఈ మధ్య చూళ్ళేదు. పొదల వెనక నిలబడిపోయా."

పడవ వేసే ఓపిక కూడా లేని గుండెతో ఆ గట్టంతా నడిచొచ్చాడు.

"పిలవాల్సింది" అంది.

"చేప పోయేది."

"పోతే పోయేది."

"ఆ మాట నాకప్పుడెలా తెలుస్తుంది?"

తోక కనిపించినవాళ్ళని పిలవకూడదు. అతని చోట తనున్నా పిలిచేది కాదు.

"అటు తిరిగి మళ్ళీ వస్తోంది, నువ్వు ఈగ వేశావు. అంతవరకు చూశా. ఈలోగా ఆ వెధవ హారన్ కొట్టాడు, వెళ్ళిపోయా. ఇంతకీ పడిందా?"

"పడింది."

"దేంతో?"

"బొచ్చీగతోనే. సగం నీకని పొగలో పెట్టి పట్టుకొచ్చా."

"ఎలా ఉంది?"

"కాకుల్ని అడగాలి."

అతను నవ్వాడు, నవ్వు మళ్ళీ దగ్గయింది, ఐవీ రిసీవరు తీసుకుంది. నోలా బయటికి వస్తుంటే రీటా వెనక గదిలోంచి ముక్కు చీదుకుంటూ వచ్చి డబ్బులొద్దంది.

అప్పట్నుంచి శనివారాలు కొట్టుకి పోవడం అలవాటైంది. నీళ్ళెంత ఉన్నాయి, గాలెటు కొడుతోంది, పట్నపుగాళ్ళు ఎవరెవరు వచ్చారు. మాటలు అంతకంటే ముందుకి పోయేవి కావు. వేసవి వచ్చింది, సరస్సు వెనక్కి తగ్గింది, గడ్డి బయటపడింది. ఆల్బీ ఇంటిని లాన్సెస్టన్ నుంచి వచ్చిన కుటుంబం ఏదో కొనుక్కుంది. గోడలకి నీలం రంగు వేశారు. సెలవులకి తప్ప రారు.

ఏప్రిల్లో, మళ్ళీ చలి మొదలయ్యే వేళకి, పన్ను నొప్పి పట్టుకుంది. పట్నం పోక తప్పలేదు. పన్ను పీకించుకుని, వాచిన బుగ్గతో మూనా పేటలో ఐవీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆల్బీ కాలరు చొక్కా, మెరిసే బూట్లు వేసుకుని వెనక వరండాలో కూచుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

"ఎవర్తో కొట్లాడొచ్చావు?" అన్నాడు బుగ్గ చూసి.

"డాక్టరుతో. వాడే గెలిచాడు."

ఐవీ టీ పోస్తూ గులాబీ మొక్కల గోడు చెప్పింది. రోజూ సందె వేళకి పాసమ్ ఒకటి వచ్చి మొగ్గలన్నీ తినేస్తోందంట. "ఈ చేతుల్తో వేలకి వేలు పట్టానంటాడు. ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని పట్టవయ్యా అంటే చేతకాదంట."

"అవి అడివి పాసమ్‌లే" అన్నాడు ఆల్బీ. "ఇది పట్నందిగా, చదువుకుంది."

ఐవీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇద్దరూ మిగిలారు. ఫోన్లో అడిగేవన్నీ అతను అడిగేశాడు, ఆమె చెప్పేసింది. అంత దగ్గరగా కుర్చీలు వేసుకుని కూచోవడం వాళ్ళకి ఇదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో నోలాకి తెలియలేదు. ఇంకేదో అనడానికే ఇంత దూరం వచ్చానని ఆమెకి తెలుసు. అదేమిటో బస్సులో తెలిసినట్టే ఉంది, ఇక్కడ తెలియలేదు.

వెలుగు తగ్గాక కంచె మీద నుంచి పాసమ్ దిగింది. గుండ్రటి కళ్ళు, గుబురు తోక. ఆల్బీ తలుపు వైపు ఓసారి చూసి, జేబులోంచి రొట్టె ముక్క తీసి చాచాడు. అది తాపీగా వచ్చి అతని వేళ్ళ మధ్య నుంచి అందుకుంది.

"ఐవీకి చెప్పకు."

"నేనెవరికి చెప్తాను?" అంది నోలా.

ఆ రాత్రి ముందరి గదిలో సోఫా మీద పడుకుని, తెల్లారి బస్సుకి బయల్దేరింది. ఆల్బీ గేటు దాకా వచ్చి ఆగాడు. డాక్టరు అనుమతి అంతవరకే.

"మళ్ళీ ఎప్పుడు?"

"చలి తగ్గాక."

"కప్పలు అరిచేటప్పుడు రాకు. పనుంటుంది నీకు."

"అదంతా నేను చూసుకుంటాగా." ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకుని, వదలడం మర్చిపోయినట్టు కాసేపు ఉంచుకున్నాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూస్తే ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.

దారిలో బస్సు చెడింది. బాగుచేసుకుని బోత్‌వెల్ ఊరు దాటేసరికి ఆమె తప్ప అందరూ దిగిపోయారు. కొండ మీద సన్నగా మంచు రాలుతోంది. డ్రైవరు కొత్తవాడు, ఊసుపోక అద్దంలోంచి పలకరించాడు.

"పైన ఎవరైనా ఎదురుచూస్తుంటారా అమ్మా?"

"లేదు."

ఆమె దిగాల్సిన చోట రోడ్డు నుంచి ఇంటికి కాలిబాట ఒక్కటే ఉంది, అప్పటికే మసకేసింది. దిగి నడుస్తుంటే బస్సు కదిలిన చప్పుడు వినిపించలేదు. తిరిగి చూస్తే అతను బండిని కాస్త వంకరగా తిప్పి, లైట్లు ఆ బాట మీద పడేలా నిలిపాడు. మంచు తునకలు ఆ వెలుగులో తిరుగుతున్నాయి. నోలా తలుపు తీసి, అగ్గిపెట్టె వెతుక్కుని దీపం వెలిగించాక గానీ బస్సు కదల్లేదు. దాని చప్పుడు మలుపుల్లో సన్నగిల్లిపోయేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడి, ఆ తర్వాత కట్టెలు తెచ్చుకోవడానికి ఇంటి వెనక్కి వెళ్ళింది.